ఒకచోట రాసి పదిచోట్ల వాడుకునే కాంపొనెంట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు చదువు పూర్తిచేసి, చుట్టుపక్కల వ్యాపారాలకు సైట్లు, యాప్‌లు చేసిపెడుతున్న కుర్రాళ్లు, అమ్మాయిలు ఇప్పుడు బాగానే ఉన్నారు. రియాక్ట్ (పేజీలో కనిపించేదాన్ని కాంపొనెంట్లు అనే చిన్న ముక్కలుగా రాసే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) నేర్చుకున్నాక వాళ్లలో ఎక్కువమంది ఇరుక్కునేది ఒకచోటే: ఒక పేజీకి రాసిన ముక్క ఇంకో పేజీలో పెట్టబోతే పనికిరాదు. దాని గురించి తరచూ వచ్చే ప్రశ్నలు, జవాబులు ఇవి. ఉదాహరణలు మన పక్కవే: వనామీ రొయ్యలు, చీమకుర్తి గ్రానైట్, పొగాకు వేలం. జవాబులు రియాక్ట్‌ని దృష్టిలో పెట్టుకుని రాసినా, వ్యూ, స్వెల్ట్, యాంగ్యులర్ లాంటి వేరే పనిముట్లు వాడేవాళ్లకీ చాలావరకు పనికొస్తాయి.

రీయూజబుల్ కాంపొనెంట్ అని దేన్ని అనాలి?

తాను ఏ పేజీలో ఉందో తెలియకపోయినా తన పని తాను చేసుకుపోయేదాన్ని. కావలసినవి దానికి ప్రాప్స్‌గా, అంటే బయటినుంచి ఇచ్చే విలువలుగా, వస్తాయి. లోపల ఏదైనా జరిగితే, పైనుంచి ఇచ్చిన ఫంక్షన్‌ని పిలిచి కబురు చెబుతుంది. లాగిన్ అయింది రైతా, వ్యాపారా? డేటా ఏ సర్వర్ నుంచి వచ్చింది? బటన్ నొక్కాక ఏ పేజీకి వెళ్లాలి? ఇవన్నీ దానికి తెలిసేకొద్దీ దాన్ని అక్కణ్ణించి కదిలించడం కష్టమవుతుంది. కింది జవాబుల్లో చాలావాటికి మూలం ఈ ఒక్క మాటే.

మొదటి రోజు నుంచే అన్నీ రీయూజబుల్‌గా రాయాలా?

అక్కర్లేదు. బటన్, ఇన్‌పుట్, లేబుల్ లాంటివి ఎటూ అన్నిచోట్లా కావాలి కాబట్టి మొదటే విడిగా రాసుకోండి. మిగతావి ముందు ఆ పేజీకే రాయండి. రెండోచోట అవసరమైతే కాపీ చేసినా తప్పులేదు. మూడోచోట కూడా కావాల్సి వచ్చినప్పుడు, ఏది మారుతోంది, ఏది మారడం లేదు అన్నది మీ కళ్లెదుటే ఉంటుంది. అప్పుడు విడదీస్తే సరిగ్గా కుదురుతుంది.

చూడటానికి ఒకేలా ఉన్నాయని రెండింటిని కలిపేయకండి. రైతుల జాబితాలో ఒక వరుస: పేరు, ఊరు, ఫోను. కొనేవాళ్ల జాబితాలోనూ అవే. కలిపి ఒకే కాంపొనెంట్ చేశారనుకోండి. తర్వాత రైతు వరుసలో చెరువు ఎన్ని ఎకరాలో చూపించమంటారు, కొనేవాళ్ల వరుసలో జీఎస్టీ నంబరు అడుగుతారు. అప్పుడు లోపల ఇఫ్‌లు ("ఇలా అయితే ఇది చేయి" అనే షరతులు) మొదలవుతాయి. "ఇందులో ఒకటి మారితే రెండోదీ తప్పకుండా మారాలా?" అని మిమ్మల్ని మీరే అడగండి. అవునంటేనే కలపండి.

రొయ్యల ధర, గ్రానైట్ ధర, పొగాకు ధర మూడింటికీ ఒకే కార్డు సరిపోదా?

ఎక్కువమంది ఈ దారిలోనే వెళతారు కాబట్టి దీని గురించి వివరంగా చెప్పుకోవాలి.

వనామీ రేటు కౌంట్‌ని బట్టి ఉంటుంది. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అది కౌంట్. 30 కౌంట్ అంటే పెద్ద రొయ్య, 100 కౌంట్ అంటే చిన్నది. రేటు కిలోకి చెబుతారు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ పలకకు చదరపు అడుగు లెక్కన రేటు, దాంతోపాటు మందం, పాలిష్. పొగాకు అయితే బేలు, గ్రేడు, కిలో రేటు. పైపైన చూస్తే మూడూ "పేరు, ఒక అంకె, కింద నాలుగు వివరాలు". అందుకని ధర కార్డు అని ఒకటే రాసి, "రకం" అని ఒక ప్రాప్ పెట్టి, లోపల రకాన్ని బట్టి ఇఫ్‌లు రాస్తారు.

ఆ తర్వాత కౌంట్, మందం, పాలిష్, గ్రేడు, బేలు నంబరు అన్నీ ఒకే కాంపొనెంట్‌కి ప్రాప్స్ అయిపోతాయి. రొయ్యల కార్డు పిలిచినప్పుడు సగం ఖాళీ. గ్రానైట్ వాళ్లకోసం ఒక చిన్న మార్పు చేస్తే రొయ్యల పేజీ చెడిపోతుంది. చివరికి ఆ ఫైలు తెరవాలంటేనే టెన్షన్.

నిజంగా మూడింటిలో సమానంగా ఉన్నవి ఏమిటో వెతకండి. నాకు కనిపించేవి మూడు. మొదటిది కార్డు చట్రం: అంచు, లోపలి ఖాళీ, పైన శీర్షికకు చోటు, అడుగున బటన్లకు చోటు. రెండోది రూపాయల అంకె. మూడోది నిన్నటికంటే పెరిగిందా తగ్గిందా చూపించే గుర్తు. ఈ మూడింటికీ రొయ్య అంటే ఏమిటో తెలియదు, రాయి అంటే ఏమిటో తెలియదు. వీటిని కలుపుకుని రొయ్యల ధర కార్డు, గ్రానైట్ పలక కార్డు, పొగాకు బేలు కార్డు అని మూడు చిన్న కాంపొనెంట్లు విడివిడిగా రాయండి. కౌంట్ సంగతి రొయ్యల కార్డుకే తెలుస్తుంది. ఇదేంది, ఒక ఫైలు కాస్తా ఆరయ్యాయి అనిపించొచ్చు. కానీ ఒక్కొక్కటి స్క్రీన్ జరపకుండా చదవగలిగేంతే ఉంటుంది. రేపు ఉదయగిరి చెక్క గరిటెలు అమ్మేవాళ్లు వస్తే ఏడోది ఒక్కటి రాస్తే చాలు, పాత ఆరింటి జోలికి పోనక్కర్లేదు.

ఆ పెరుగుదల గుర్తు దగ్గర ఇంకొంచెం ఆగుదాం. ధర పెరిగితే ఆకుపచ్చ, తగ్గితే ఎరుపు అని లోపలే రాసేస్తుంటారు. రైతు చూసే పేజీలో అది సరే. కొనే వ్యాపారి చూసే పేజీలో ధర పెరగడం మంచి కబురు కాదు. అంటే ఏది మంచి, ఏది చెడు అన్నది ఈ గుర్తు తేల్చాల్సిన విషయం కాదు. అది పైకో కిందకో బాణం చూపించాలి, ఏ రంగులో అన్నది పేజీ చెప్పాలి. ఎరుపు, ఆకుపచ్చ తేడా కనిపించనివాళ్లూ ఉంటారు కాబట్టి రంగు ఒక్కదాని మీదే ఆధారపడకుండా బాణమో, "పెరిగింది" అన్న మాటో తప్పకుండా ఉండాలి.

ఇక్కడే ఇంకో ఉచ్చు ఉంది. "మార్పు ఉంటేనే గుర్తు చూపించు" అని జేఎస్‌ఎక్స్‌లో (రియాక్ట్‌లో పేజీ రూపం రాసే పద్ధతిలో) మార్పు అంకె పక్కన రెండు ఆంపర్‌సండ్‌లు (&&) పెట్టి రాస్తారు. ధర మారని రోజు ఆ అంకె సున్నా. రియాక్ట్ ఫాల్స్‌నీ, నల్‌నీ చూపించదు గానీ సున్నాని చూపిస్తుంది. దాంతో కార్డు మధ్యలో ఒంటరిగా ఒక 0 కూర్చుంటుంది. "మార్పు సున్నా కాకపోతే" అని పూర్తిగా రాయండి. ధర ఇంకా రాకపోవడం వేరు, ధర సున్నా కావడం వేరు. రానప్పుడు "ధర ఇంకా రాలేదు" అని చూపించాలి.

ప్రాప్స్ ఎన్నిదాకా ఉండొచ్చు?

ఇన్నే అని లెక్క లేదు. కానీ ఒకదానితో ఒకటి గొడవపడే ప్రాప్స్ కనిపిస్తే మాత్రం ఆగండి. బటన్‌కి ప్రైమరీ, డేంజర్, ఘోస్ట్ అని మూడు ట్రూ-ఫాల్స్ ప్రాప్స్ ఇచ్చారనుకోండి. మూడు కలిసి ఎనిమిది రకాలుగా రావచ్చు, వాటిలో అర్థమున్నవి నాలుగే. ప్రైమరీ, డేంజర్ రెండూ ఇస్తే ఏం చేయాలో ఎవరికీ తెలియదు. బదులుగా "వేరియంట్" అని ఒకే ప్రాప్ పెట్టి, అందులో ఒక పేరు ఇమ్మనండి. టైప్‌స్క్రిప్ట్ (ఏ విలువ ఏ రకమో ముందే రాసుకునే జావాస్క్రిప్ట్) వాడుతుంటే తప్పు పేరు రాసినప్పుడు ఎడిటరే పట్టిస్తుంది.

ఫంక్షన్ ప్రాప్స్‌కి పేరు పెట్టేటప్పుడు ఏం జరిగిందో చెప్పేలా పెట్టండి. కౌంట్ ఎంచుకునే కాంపొనెంట్‌కి "ఆన్‌సెలెక్ట్" చాలు. "కొత్త ధర తెచ్చి పేజీ మార్చు" అన్న అర్థం వచ్చే పేరు పెట్టారంటే, అది ఒక పేజీకి కట్టుబడిపోయినట్టే.

చిల్డ్రన్ వాడాలా, ప్రాప్స్ వాడాలా?

లోపల ఏం కూర్చుంటుందో ముందుగా తెలియకపోతే చిల్డ్రన్, అంటే కాంపొనెంట్ ట్యాగ్‌ల మధ్య పెట్టేది. కార్డు చట్రానికి "టైటిల్", "సబ్‌టైటిల్", "ఐకాన్", "ఐకాన్ రంగు", "బటన్ మాట" అని ప్రాప్స్ పెంచుకుంటూ పోయేబదులు, మధ్యలో చోటు వదిలేసి, వాడేవాళ్లు తమకు కావలసింది అక్కడ పెట్టుకోనివ్వండి. వ్యూలో దీన్నే స్లాట్ అంటారు. అంకె, పేరు లాంటి చిన్న సమాచారానికి మాత్రం ప్రాపే సులువు.

డేటా తెచ్చే పని కాంపొనెంట్ లోపలే పెడితే తప్పేంటి?

ధర కార్డే సర్వర్‌ని అడిగి ధర తెచ్చుకుంటే, పేజీలో ఇరవై కార్డులుంటే ఇరవై సార్లు అడుగుతుంది. చెరువుగట్టు మీద సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నచోట ఆ తేడా బాగా తెలుస్తుంది. పైగా ఆ కార్డుని వేరే ఏపీఐ (సర్వర్‌ని డేటా అడిగే పద్ధతి) ఉన్న ప్రాజెక్టులో వాడలేరు, సర్వర్ లేకుండా టెస్ట్ చేయలేరు.

పేజీ స్థాయిలో ఒకసారి తెచ్చి, కార్డులకు పంచండి. డేటా తెచ్చే కోడ్‌ని కస్టమ్ హుక్‌లో, అంటే కాంపొనెంట్లు పిలుచుకునే విడి ఫంక్షన్‌లో, పెట్టుకోండి. అప్పుడు ధర తెచ్చే పద్ధతి ఒకచోట, ధర చూపించే పద్ధతి ఇంకోచోట ఉంటాయి. ఒకటి మారినా రెండోది కదలదు.

స్టేట్ ఎక్కడ ఉండాలి?

స్టేట్ అంటే కాంపొనెంట్ గుర్తుపెట్టుకునే, మారుతూ ఉండే సంగతి. ఆ సంగతి ఇంకెవరికైనా అవసరమా అని చూడండి. కార్డులో "వివరాలు" తెరిచి ఉన్నాయా మూసి ఉన్నాయా అన్నది సాధారణంగా ఆ కార్డుకే కావాలి, లోపలే ఉంచుకోండి. ఎంచుకున్న కౌంట్ మాత్రం పక్కనున్న గ్రాఫ్‌కీ, కింది పట్టికకూ కావాలి. అది పై కాంపొనెంట్‌లో ఉండాలి, కింద ఉన్నవి ప్రాప్‌గా తీసుకోవాలి.

వచ్చిన ప్రాప్‌ని యూజ్‌స్టేట్‌తో సొంత స్టేట్‌లో కాపీ చేసుకుని, ప్రాప్ మారినప్పుడల్లా యూజ్‌ఎఫెక్ట్‌తో (రియాక్ట్ తెరమీద చూపించాక నడిపే కోడ్‌తో) మళ్లీ కాపీ చేయడం చాలా కోడ్‌లో కనిపిస్తుంది. చేయకండి. ఒకే సంగతి రెండుచోట్ల ఉంటే ఏదో ఒకరోజు రెండూ రెండు మాటలు చెబుతాయి. ప్రాప్ నుంచి లెక్కగట్టగలిగింది రెండర్ సమయంలోనే లెక్కగట్టేయండి. ఎకరాలకూ, సెంట్లకూ మధ్య మార్పిడికి విడిగా స్టేట్ ఎందుకు?

నా కార్డు ఒక పేజీలో బాగుంది, ఇంకో పేజీలో ఖాళీలు తేడా కొడుతున్నాయి. ఎందుకు?

ఎక్కువసార్లు కారణం మార్జిన్, అంటే బయటి ఖాళీ. కాంపొనెంట్ తన బయట ఎంత ఖాళీ ఉండాలో తానే నిర్ణయించుకుంటే, చోటు మారినప్పుడల్లా ఎవరో ఒకరు దాన్ని రద్దు చేయాల్సి వస్తుంది. లోపలి ప్యాడింగ్ కాంపొనెంట్‌ది, బయటి ఖాళీ దాన్ని పెట్టుకున్నవాళ్లది. పైనున్న గ్రిడ్‌లోనో ఫ్లెక్స్‌లోనో గ్యాప్ ఇస్తే పని అయిపోతుంది.

వెడల్పు విషయంలోనూ అంతే. మీడియా క్వెరీ (వెడల్పుని బట్టి రూపం మార్చే సీఎస్‌ఎస్ నియమం) స్క్రీన్‌ని చూస్తుంది. పెద్ద స్క్రీన్ మీద పక్కనున్న సన్నటి కాలమ్‌లో కార్డు పెడితే, స్క్రీన్ వెడల్పే కదా అని అది పెద్ద లేఅవుట్ తీసుకుని ఇరుక్కుపోతుంది. కంటైనర్ క్వెరీలు వాడండి. అవి కార్డుకు దొరికిన చోటుని చూస్తాయి. 2023 ఫిబ్రవరి నుంచి ముఖ్యమైన బ్రౌజర్లన్నింటిలో పనిచేస్తున్నాయి.

ఇంగ్లిష్‌లో బాగున్న బటన్‌లో తెలుగు పెడితే వత్తులు తెగిపోతున్నాయి. ఏం చేయాలి?

ఇది ఎక్కువగా మన లిపి లాంటివాటికి వచ్చే సమస్య. ఇంగ్లిష్ ట్యుటోరియల్స్‌లో దీనికి జవాబు దొరకడం అరుదు. అందుకే నా దృష్టిలో ఈ పేజీలో ముఖ్యమైన ప్రశ్న ఇదే.

బటన్‌కి ఎత్తు 32 పిక్సెల్స్ అని ఖాయం చేసి, లైన్ హైట్ (వరుస ఎత్తు) తక్కువగా ఇచ్చి, ఓవర్‌ఫ్లో హిడెన్ (పట్టనిది దాచేయమని) పెడితే ఇంగ్లిష్ అక్షరాలకు ఏమీ కాదు. అదే బటన్ మీద "కొత్తపట్నం" అని రాయండి. త కింద త వత్తు, ట కింద న వత్తు అడుగంచుకు తగిలి కోసుకుపోతాయి. "స్త్రీ" లాంటి మాటలో రెండు వత్తులుంటాయి కాబట్టి ఇంకా కష్టం. ఎత్తు ఖాయం చేయకుండా కనీస ఎత్తు ఇవ్వండి, పైనా కిందా ప్యాడింగ్ ఇవ్వండి. లైన్ హైట్‌ని పిక్సెల్స్‌లో రాయకుండా 1.6 లాంటి గుణకంగా రాయండి, ఫాంట్ సైజు పెరిగితే దానితోపాటే పెరుగుతుంది. నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్‌తో ఒకసారి, ఫోన్‌లో వచ్చే సొంత ఫాంట్‌తో ఒకసారి చూడండి.

రెండోది పొడవాటి ఊరి పేర్లు. ఫ్లెక్స్‌లో ఉన్న పెట్టె, తనలోని అతి పొడవైన మాట కంటే మామూలుగా సన్నబడదు. "తోటపల్లిగూడూరు" అని వచ్చేసరికి పక్కనున్న ధర కార్డు బయటికి నెట్టుకుపోతుంది. ఆ పెట్టెకు కనీస వెడల్పు సున్నా ఇచ్చి, ఓవర్‌ఫ్లో ర్యాప్‌కి ఎనీవేర్ అని ఇవ్వండి, పట్టనప్పుడు మాట విరిగి కింది వరుసకు వస్తుంది.

మూడోది పేర్లని జావాస్క్రిప్ట్‌తో కత్తిరించడం. "కొత్తపట్నం" మన కంటికి కొ, త్త, ప, ట్నం అని నాలుగు అక్షరాలు. జావాస్క్రిప్ట్‌ని పొడవు అడిగితే 10 అంటుంది. గుణింతం గుర్తునీ, పొల్లునీ, సున్నానీ అది విడివిడిగా లెక్కపెడుతుంది. మొదటి నాలుగు చాలు అని స్లైస్ చేస్తే "కొత్" అని మిగులుతుంది. ఊరి పేరు అలా చూస్తే చదివేవాళ్లకు ఎలా ఉంటుందో ఆలోచించండి. చోటు చాలకపోతే సీఎస్‌ఎస్‌లో ఎలిప్సిస్‌తోనో (చివర మూడు చుక్కలు), లైన్ క్లాంప్‌తోనో (ఇన్ని వరుసలే అన్న పరిమితి) వదిలేయండి. బ్రౌజర్‌కి అక్షరం ఎక్కడ ముగుస్తుందో తెలుసు.

అందుకే మీ కాంపొనెంట్లని పరీక్షించేటప్పుడు నమూనా మాటలుగా ఇంగ్లిష్ పేర్లు వాడకండి. చీమకుర్తి, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, కొత్తపట్నం పెట్టండి. వీటికి తట్టుకున్న కార్డు చాలావాటికి తట్టుకుంటుంది.

రూపాయలు, తేదీలు ఎలా చూపించాలి?

కామాలు మీరే పెట్టొద్దు. బ్రౌజర్‌లోని ఇంటల్ నంబర్‌ఫార్మాట్‌కి (Intl.NumberFormat) తెలుగు-ఇండియా లోకేల్ (te-IN), కరెన్సీ ఐఎన్ఆర్ ఇస్తే ₹1,25,000 అని మన పద్ధతిలోనే వస్తుంది. పైసలు వద్దంటే దశాంశాలు సున్నా అని చెప్పండి. దీన్ని పైన చెప్పిన రూపాయల అంకె కాంపొనెంట్‌లో ఒక్కచోటే పెడితే యాప్ అంతా ఒకేలా ఉంటుంది.

తేదీకి టైమ్‌జోన్ తప్పకుండా ఆసియా/కోల్‌కతా అని ఇవ్వండి. చాలా సర్వర్లు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) నడుస్తాయి, అది మనకంటే ఐదున్నర గంటలు వెనక. తెల్లవారుజామున 5 గంటలకు పెట్టిన ధర అక్కడ ముందురోజు రాత్రి 11:30 అవుతుంది. పేజీని సర్వర్ మీద తయారుచేస్తే నిన్నటి తేదీతో కనిపిస్తుంది. రేటు చూసి పట్టుబడి నిర్ణయించుకునే రైతుకు అది చిన్న పొరపాటు కాదు.

డివ్‌కి ఆన్‌క్లిక్ పెట్టి బటన్‌లా వాడితే నష్టమేంటి?

డివ్ అంటే హెచ్‌టీఎంఎల్‌లోని ఉత్త పెట్టె. మౌస్‌తో నొక్కితే పనిచేస్తుంది. ట్యాబ్ కీతో దాని మీదకు వెళ్లలేరు, ఎంటర్ నొక్కితే పలకదు, స్క్రీన్ రీడర్ దాన్ని బటన్ అని చెప్పదు. హెచ్‌టీఎంఎల్‌లోని అసలు బటన్ ఇవన్నీ ఉచితంగా ఇస్తుంది. మీరు రాసే కాంపొనెంట్ పదిచోట్ల వాడతారు కాబట్టి ఇందులో చేసిన మేలు పదిచోట్లా అందుతుంది, లోపం కూడా అంతే. ఇన్‌పుట్‌కి లేబుల్ కట్టి ఉండాలి, ప్లేస్‌హోల్డర్ లేబుల్ కాదు. నొక్కే చోటు వేలికి అందేంత పెద్దగా ఉండాలి. డబ్ల్యూసీఏజీ 2.2 (వెబ్ అందరూ వాడగలిగేలా ఉండాలన్న ప్రమాణాలు) ప్రకారం కనీసం 24 పిక్సెల్స్, ఫోన్ యాప్‌కి నేనైతే 44 దాకా ఇస్తాను.

జాబితాలో కీగా ఇండెక్స్ ఇస్తే ఏమవుతుంది?

కీ అంటే ఏ వరుస ఏదో రియాక్ట్ గుర్తుపట్టే పేరు, ఇండెక్స్ అంటే జాబితాలో వరుస సంఖ్య. జాబితా ఎప్పటికీ మారకపోతే ఏమీ కాదు. మారేదైతే ప్రమాదం. చెరువుల జాబితాలో ఒక్కో వరుసలో ఈరోజు వేసిన మేత కిలోలు రాసే పెట్టె ఉందనుకోండి, ఆ అంకె వరుస లోపలి స్టేట్‌లో ఉందనుకోండి. మొదటి చెరువుని తీసేస్తే రెండోది ఇండెక్స్ సున్నాకి వస్తుంది. రియాక్ట్ దాన్ని పాత మొదటి వరుసే అనుకుని, అందులో రాసిన అంకెని అలాగే ఉంచుతుంది. మేత లెక్క వేరే చెరువు కింద పడిపోతుంది. చెరువు ఐడీనే కీగా ఇవ్వండి.

రెడీమేడ్ లైబ్రరీలు ఉండగా మనం రాయడం ఎందుకు?

తేదీ ఎంపిక, డైలాగ్, వెతికి ఎంచుకునే జాబితా లాంటివి సొంతంగా రాయొద్దనే చెబుతాను. ఫోకస్, కీబోర్డు విషయాల్లో వాటిని సరిగ్గా చేయడం చాలా కష్టం. ర్యాడిక్స్ లాంటి లైబ్రరీలు ప్రవర్తన ఇచ్చి, రూపం మీకు వదిలేస్తాయి. తెలుగుకు తగ్గట్టు మార్చుకోవడానికి అవి అనువుగా ఉంటాయి. రొయ్యల ధర కార్డు మాత్రం ఏ లైబ్రరీలోనూ దొరకదు.

పాత వీడియోల్లో క్లాస్ కాంపొనెంట్లు ఉన్నాయి, నేర్చుకోవాలా?

చదివి అర్థం చేసుకోగలిగితే చాలు. 2013లో రియాక్ట్ బయటికి వచ్చినప్పటి నుంచి చాలాకాలం స్టేట్ కావాలంటే క్లాసే దిక్కు. 2019 ఫిబ్రవరిలో 16.8 వెర్షన్‌తో హుక్స్ (ఫంక్షన్ కాంపొనెంట్లలోనే స్టేట్ వాడుకునే వీలు) వచ్చాక కొత్త కోడ్ దాదాపు అంతా ఫంక్షన్లలోనే రాస్తున్నారు. 2024 డిసెంబరులో వచ్చిన 19వ వెర్షన్‌లో రెఫ్‌ని (పేజీలోని అసలు పెట్టెను పట్టుకునే దారిని) కూడా మామూలు ప్రాప్‌లాగే తీసుకోవచ్చు, ఇన్‌పుట్ లాంటి కాంపొనెంట్లకు అది మంచి సౌకర్యం.

ఒక ప్రాజెక్టులో రాసినవి ఇంకో ప్రాజెక్టులోకి ఎలా తీసుకెళ్లాలి?

ఇద్దరు ముగ్గురు పనిచేసే చోట ముందే ప్యాకేజీ చేసి ప్రచురించాల్సిన అవసరం లేదు. ఆ ఫోల్డర్‌ని కాపీ చేసుకోండి. కాపీ చేయగానే నడవకుండా, పాత ప్రాజెక్టు నుంచి ఏదైనా ఇంపోర్ట్ అడిగిందంటే, ఆ కాంపొనెంట్‌కి తెలియకూడనిది ఏదో తెలుసన్నమాట. ఏం అడుగుతోందో చూసి దాన్ని ప్రాప్‌గా మార్చండి. స్టోరీబుక్ (కాంపొనెంట్లని విడివిడిగా చూపించే పనిముట్టు) పెట్టుకుంటే ఇది కాపీ దాకా రాకముందే బయటపడుతుంది. అక్కడ ఒక్కో కాంపొనెంట్ ఒంటరిగా నిలబడాలి. ధర లేనప్పుడు, పొడవాటి పేరు వచ్చినప్పుడు, లోడ్ అవుతున్నప్పుడు ఎలా ఉంటుందో పక్కపక్కన చూడొచ్చు.

మూడు నాలుగు ప్రాజెక్టులు ఒకే కాంపొనెంట్లని వాడుతూ, ఒకచోట సరిచేసింది మిగతాచోట్లా కావాలన్నప్పుడు ప్యాకేజీ చేయండి. అప్పుడు వెర్షన్ నంబర్లని గౌరవించాలి. లోపం సరిచేస్తే చివరి అంకె, కొత్త ప్రాప్ చేరిస్తే మధ్య అంకె, ఉన్న ప్రాప్ పేరు మారిస్తే మొదటి అంకె పెరగాలి. పేరు మార్చాల్సి వస్తే పాతదాన్ని ఒక్కసారే తీసేయకండి. ఒక వెర్షన్ దాకా రెండూ పనిచేయనిచ్చి, పాతది వాడినప్పుడు కన్సోల్‌లో హెచ్చరిక వచ్చేలా పెట్టండి, కొత్త పేరేంటో ఆ హెచ్చరికలోనే రాయండి.